తరుగు ఎంత, మజూరీ ఎంత: అమెరికాలో ఎలక్ట్రిక్ కారు లీజు లెక్క

నెలకు 249 డాలర్లు, 36 నెలలు. అమెరికాలో ఎలక్ట్రిక్ కారు లీజు (కొనకుండా కొన్నేళ్లు వాడుకుని తిరిగి ఇచ్చేసే ఒప్పందం) ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఇంతే. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మరికొన్ని సంగతులు ఉంటాయి. సంతకం చేసిన రోజున 4,999 డాలర్లు చెల్లించాలి, పన్నులూ రిజిస్ట్రేషన్ రుసుములూ అదనం, ఏడాదికి 10,000 మైళ్లకు మించి నడపరాదు, మంచి క్రెడిట్ స్కోరు ఉన్నవారికే ఈ ధర వర్తిస్తుంది. మొదటి నెల వాయిదా సాధారణంగా ఆ 4,999లోనే కలిసి ఉంటుంది కాబట్టి మిగిలిన 35 నెలలకు 249 చొప్పున 8,715 డాలర్లు అవుతాయి. దానికి 4,999 కలిపితే మొత్తం 13,714. దీన్ని 36 నెలలకు పంచితే నెలకు 381 డాలర్లు పడుతుంది. ప్రకటన 249 అన్నా మన జేబులోంచి పోయేది 381. రెండు లీజులను పోల్చదలచిన వారు ముందుగా చేయవలసింది ఈ భాగహారమే. నెలకు ఎంత అన్న ప్రశ్నకు డీలరు తనకు తోచిన జవాబు చెప్పగలడు. మొత్తం మీద ఎంత అన్న ప్రశ్నకు మాత్రం ఒకటే జవాబు ఉంటుంది.

నగల దుకాణంలో గ్రాము ధర ఒక్కటే కనుక్కుని డబ్బు తీసేవారు మనలో ఎవరూ ఉండరు. తరుగు ఎంత శాతం వేస్తున్నారు, మజూరీ ఎంత అని అడిగి, చీటీ మీద రాయించుకుని, పక్క దుకాణంలో కూడా అడిగి వచ్చాకే బేరం కుదుర్చుకుంటారు. లీజు సరిగ్గా అటువంటి వ్యవహారమే. మూడేళ్లలో కారు విలువ ఎంత పడిపోతుందని కంపెనీ అంచనా వేస్తుందో అది తరుగు. ఆ మూడేళ్లు కంపెనీ సొమ్ము కారులో చిక్కుకుని ఉన్నందుకు మనం కట్టే వడ్డీ మజూరీ. ఈ రెండింటి మొత్తమే నెలవారీ చెల్లింపు, దానిమీద పన్ను. తరుగును నిర్ణయించేవి కారు ఒప్పందపు ధర, లీజుకు తీసుకునేవారికి తయారీదారు ఇచ్చే తగ్గింపు (లీజు క్యాష్), గడువు ముగిసేనాటికి కారు ఎంత పలుకుతుందని ముందే రాసుకునే రెసిడ్యువల్ విలువ. మజూరీని నిర్ణయించేది మనీ ఫ్యాక్టర్, అంటే వడ్డీ రేటునే మరో రూపంలో చెప్పే అంకె. ఈ నాలుగు అంకెలు చేతికి వచ్చేదాకా బేరం మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్టిక్కరు మీద 50,000 డాలర్లున్న కారుకు డీలరు 3,000 తగ్గించాడు, తయారీదారు 7,500 లీజు క్యాష్ ఇచ్చాడు, కారు కొని మనకు లీజుకిచ్చే ఫైనాన్స్ సంస్థ తీసుకునే 700 డాలర్ల అక్విజిషన్ ఫీజును అందులోనే కలిపారు అనుకుందాం. లీజుకు ఆధారమయ్యే మొత్తం 40,200 అవుతుంది. రెసిడ్యువల్ స్టిక్కరు ధరలో 56 శాతం, అంటే 28,000. రెండింటి మధ్య తేడా 12,200. దాన్ని 36తో భాగిస్తే నెలకు 338.89 డాలర్ల తరుగు వస్తుంది. మనీ ఫ్యాక్టర్ 0.00150 అయితే, 40,200నూ 28,000నూ కలిపి (తీసివేసి కాదు, ఇక్కడే చాలామంది తడబడతారు) దానితో గుణిస్తే నెలకు 102.30 వడ్డీ. పన్ను కాకుండా మొత్తం 441 డాలర్లు. మనీ ఫ్యాక్టరును 2,400తో గుణిస్తే మనకు అలవాటైన వార్షిక వడ్డీ రేటు దాదాపుగా వస్తుంది. ఇక్కడ అది 3.6 శాతం. 0.00150 అన్న అంకెను చూస్తే ఎవరికీ భయం వేయదు, బహుశా దాన్ని అలా రాయడంలోని సౌలభ్యమే అది.

ఇదే కారుకు రెసిడ్యువల్ 56 బదులు 60 శాతం ఉందనుకుంటే నెలవారీ చెల్లింపు 441 నుంచి 389కి దిగుతుంది, మూడేళ్లలో దాదాపు 1,900 డాలర్లు మిగులుతాయి. అయితే రెసిడ్యువల్ మీద డీలరుతో బేరమాడటానికి వీలు లేదు. దాన్ని నిర్ణయించేది ఫైనాన్స్ సంస్థ. బేరం లేనిచోట మన పని ఎంపిక. ఏ కారుకు ఆ నెలలో రెసిడ్యువల్ ఎక్కువ పెట్టారో వెతకడమే మన చేతిలో ఉన్నది. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో ఈ వెతుకులాటకు మామూలు కార్లకు లేని విలువ ఉంది, ఎందుకంటే వీటి భవిష్యత్ ధరను అంచనా వేయడంలో కంపెనీలే బోల్తాపడ్డాయి. 2023 జనవరిలో టెస్లా ఒక్కసారిగా ధరలు తగ్గించినప్పుడు మోడల్ వై లాంగ్ రేంజ్ 65,990 డాలర్ల నుంచి 52,990కి దిగింది. అంతకు ముందు నెలలో సొంత డబ్బుతో కొన్నవారి కారు విలువ రాత్రికి రాత్రి పడిపోయింది. 2024 జనవరిలో అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్ తన ఎలక్ట్రిక్ కార్లలో సుమారు మూడో వంతును, అంటే 20,000 కార్లను, అమ్మేస్తున్నట్లు ప్రకటించింది. పాత ఎలక్ట్రిక్ కార్ల ధరల మీద అసలే ఉన్న ఒత్తిడి దీంతో మరింత పెరిగింది. లీజుకు తీసుకున్నవారికి ఈ పతనంతో నిమిత్తం లేదు. 28,000 పలుకుతుందని కంపెనీ రాసిచ్చిన కారు మూడేళ్ల తర్వాత 20,000 మాత్రమే పలికితే ఆ 8,000 నష్టం కంపెనీదే. కనుక మనసుపడిన మోడల్‌ను ముందే ఖాయం చేసుకుని దానికి లీజు వెతికేవారికన్నా, ఏ కంపెనీ ఏ మోడల్‌ను వదిలించుకోవడానికి తన సొమ్ము పోస్తోందో చూసి ఆ కారును తీసుకునేవారికే మంచి బేరం దొరుకుతుందని నా అభిప్రాయం. కారంటే మక్కువ ఉన్నవారికి ఈ మాట రుచించదు.

ఈ సొమ్ము పోయడంలో కొన్నాళ్లు ప్రభుత్వం కూడా పాలుపంచుకుంది. 2022 ఆగస్టులో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం కొత్త ఎలక్ట్రిక్ కారు కొనేవారికి 7,500 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇస్తూనే, కారు ఉత్తర అమెరికాలో తయారై ఉండాలనీ, సెడాన్ ధర 55,000, ఎస్‌యూవీ ధర 80,000 దాటరాదనీ, కొనేవారి ఆదాయం ఒంటరి వ్యక్తికి 1,50,000, దంపతులకు 3,00,000 డాలర్లు మించరాదనీ షరతులు విధించింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఈ ఆదాయ పరిమితి దగ్గరే ఆగిపోయాయి. లీజులో మాత్రం చట్టం దృష్టిలో కారు కొన్నది ఫైనాన్స్ సంస్థ, అదీ వ్యాపార వాహనంగా. వ్యాపార వాహనాలకు ఇచ్చే రాయితీకి తయారైన చోటు, ధర, ఆదాయం అన్న షరతులేవీ లేవు. కొరియాలో తయారైన హ్యుందాయ్, కియా ఎలక్ట్రిక్ కార్లు ఆ దారిలోనే లీజుల్లో చవకయ్యాయి. రాష్ట్రం కూడా చేయి కలిపిన కొలరాడోలో 2024లో నిస్సాన్ లీఫ్ నెలకు 20 డాలర్లలోపే దొరికింది. ఆ కాలం ముగిసింది. 2025 జులై 4న సంతకమైన చట్టం ఈ రాయితీలను 2025 సెప్టెంబర్ 30తో నిలిపివేసింది. ఆ తర్వాత కంపెనీలు తమ చేతి సొమ్ముతోనే ఆ లోటు పూడ్చుకోవలసి వచ్చింది. హ్యుందాయ్ 2026 అయానిక్ 5 ధరలను 9,800 డాలర్ల దాకా తగ్గించింది. అందువల్ల 2024లో బావమరిది ఎంతకు తీసుకున్నాడన్నది ఇప్పుడు కొలమానం కాదు. కంపెనీల ఆఫర్లు సాధారణంగా నెలనెలా మారతాయి, ప్రాంతాన్ని బట్టి కూడా మారతాయి. కాలిఫోర్నియాలో ఉన్న లీజు క్యాష్ టెక్సాస్‌లో ఉండకపోవచ్చు.

ఈ నెల అంకెలు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కార్ల సమాచారమిచ్చే ఎడ్మండ్స్ సైటు చర్చావేదికలో కారు పేరు, మోడల్ సంవత్సరం, గడువు, ఏటా మైళ్లు, మన జిప్ కోడ్ రాస్తే రెసిడ్యువల్, మనీ ఫ్యాక్టర్, లీజు క్యాష్ ఎంతో నిర్వాహకులు చెబుతారు. లీజ్‌హ్యాకర్ అనే సైటులో లెక్కల యంత్రం ఉంది, ఇతరులు కుదుర్చుకున్న బేరాలు కూడా ఉన్నాయి. ఈ అంకెలతో ఒక కాగితం తయారు చేసుకుని నాలుగైదు దుకాణాలకు ఈమెయిల్ పంపి, ‘స్టిక్కరు మీద మీరు ఎంత తగ్గిస్తారు, ఏ మనీ ఫ్యాక్టర్ వేస్తారు’ అన్న రెండే ప్రశ్నలు అడగాలి. జవాబు ఇవ్వకుండా ‘ఒకసారి షోరూముకు రండి, మాట్లాడుకుందాం’ అనే డీలర్లను పక్కన పెట్టడం వల్ల ఒక శనివారం మిగులుతుంది.

మనీ ఫ్యాక్టర్ ఎంత అని అంతగా అడగడానికి కారణం ఉంది. ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన అసలు రేటు మీద డీలరు కొంత పెంచుకుని, ఆ తేడాను తన లాభంగా మిగుల్చుకునే వీలు చాలా సంస్థలు ఇస్తాయి. పై ఉదాహరణలో 0.00150 బదులు 0.00190 వేస్తే నెలకు 27 డాలర్లే పెరుగుతుంది, మూడేళ్లకు అది 980 డాలర్లు దాటుతుంది. 1976 నాటి వినియోగదారుల లీజు చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం ఒప్పంద పత్రంలో కారుకు లెక్కగట్టిన ధర, రెసిడ్యువల్ విలువ, మొత్తం వడ్డీ విడివిడిగా చూపాలి, కానీ మనీ ఫ్యాక్టర్ చూపాలన్న నియమం లేదు. అది దాచినా నష్టం లేదు, వెనక్కి లెక్క కట్టవచ్చు. పత్రంలో ‘రెంట్ చార్జ్’ అన్న గడిలో ఉన్న మొత్తాన్ని నెలల సంఖ్యతో, ఆ వచ్చినదాన్ని లీజు ఆధార మొత్తం, రెసిడ్యువల్‌ల కూడికతో భాగిస్తే చాలు. ఆ గడిలో 3,683 ఉంటే 0.00150, 4,665 ఉంటే 0.00190.

కొన్నేళ్ల కిందట నేను మొదటిసారి లీజు కోసం వెళ్లిన దుకాణంలో సేల్స్ మనిషి ఒక తెల్లకాగితం తీసి, నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు గడులు చేశాడు. ఒక గడిలో కారు ధర, ఒక గడిలో మా పాత కారు విలువ, ఒక గడిలో డౌన్ పేమెంట్, చివరి గడిలో నెలకు ఎంత అన్నది. నేను నెలవారీ మొత్తం ఎక్కువైందన్నప్పుడల్లా ఆయన లావు మార్కర్‌తో ఆ అంకె కొట్టేసి తక్కువ అంకె వేసేవాడు, మరో రెండు గడుల్లో అంకెలు నిశ్శబ్దంగా మారేవి. మూడు గంటల తర్వాత నెలకు 40 డాలర్లు తగ్గించుకున్నానన్న సంతోషంతో బయటికి వచ్చాను. ఇంటికొచ్చి కూడికలు వేస్తే, పాత కారుకు మొదట చెప్పినదానికన్నా 1,500 తక్కువ కట్టారు, గడువు మూడు నెలలు పెరిగింది, టైర్లలో నైట్రోజన్ నింపినందుకూ అద్దాల మీద నంబరు చెక్కినందుకూ 600 కలిశాయి. తప్పు గీతలు గీసినవాడిది ఎంతో, ఒక గడినే చూస్తూ కూర్చున్న నాదీ అంతే. లీజులో కూడా కారు ధర మీద బేరం ఉంటుందన్న సంగతి చాలామందికి స్ఫురించదు. కొనేవారు అడిగినట్లే ధరను ముందు విడిగా తేల్చుకుని, ఆ తర్వాతే లీజు మాట ఎత్తాలి.

డౌన్ పేమెంట్ విషయంలో మన పొదుపు బుద్ధి మనకే ఎదురుతిరుగుతుంది. ఇంటి అప్పుకు ముందు ఎక్కువ కడితే మంచిదన్న అలవాటుతో లీజుకు కూడా 5,000 ముందే కట్టి నెలవారీ భారం తగ్గించుకుంటారు. కారు తీసుకున్న నెలకే ప్రమాదం జరిగి అది పనికిరాకుండా పోతే, బీమా సంస్థ ఇచ్చే సొమ్ము ఫైనాన్స్ సంస్థకు వెళుతుంది, అది చాలకపోతే మిగిలినదాన్ని గ్యాప్ రక్షణ పూడుస్తుంది, చాలా లీజుల్లో ఆ రక్షణ కలిసే ఉంటుంది. మనం ముందు కట్టిన 5,000 మాత్రం సాధారణంగా తిరిగి రాదు. మొదటి నెల వాయిదా, రిజిస్ట్రేషన్ వంటి తప్పనిసరి ఖర్చులకు మించి ఒక్క డాలరు కూడా ముందు కట్టకపోవడమే క్షేమం.

పన్ను రాష్ట్రాన్ని బట్టి బేరం రూపాన్నే మార్చేస్తుంది. కాలిఫోర్నియాలో పన్ను నెలనెలా కట్టే మొత్తం మీద పడుతుంది. టెక్సాస్‌లో 6.25 శాతం పన్ను కారు ధర మీదే పడుతుంది. చట్టరీత్యా అది ఫైనాన్స్ సంస్థ కట్టేదైనా చివరకు మన లెక్కలోకే వస్తుంది. 47,000 డాలర్ల ధర మీద అది సుమారు 2,900, నెలకు 80 పైచిలుకు. కొన్ని సంస్థలు టెక్సాస్‌లో కొన్ని కార్లకు ఆ పన్నును టాక్స్ క్రెడిట్ల రూపంలో తామే భరిస్తాయి, అడగనివారికి ఆ మాట చెప్పకపోవచ్చు. పెట్రోలు పన్ను నష్టానికి బదులుగా టెక్సాస్ కొత్త ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్‌కు 400, ఆపైన ఏటా 200 డాలర్లు అదనంగా వసూలు చేస్తుంది. ఎలక్ట్రిక్ కార్లకు అమ్మకపు పన్నే లేదని పేరున్న న్యూజెర్సీ కూడా 2024 అక్టోబర్‌లో సగం, 2025 జులై నుంచి పూర్తి పన్ను విధించింది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉన్నవారు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న చుట్టాల బేరంతో తమదాన్ని పోల్చుకునేటప్పుడు పన్నుకు ముందు అంకెనే పోల్చాలి.

మైళ్ల లెక్కను నిజాయితీగా వేసుకోవాలి. ఆఫీసుకు వారానికి రెండు రోజులే కదా అని 10,000కు ఒప్పుకున్నవారు డాలస్ నుంచి హ్యూస్టన్ పక్కనున్న పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి ఒకసారి వెళ్లి రావడమే 500 మైళ్లని మరచిపోతారు. గడువు చివర అదనపు మైలుకు 25 సెంట్లు వేస్తే 6,000 మైళ్లకు 1,500 డాలర్లు. అదే మొదటే 12,000 మైళ్ల లీజు తీసుకుంటే రెసిడ్యువల్ సాధారణంగా ఒక శాతం తగ్గుతుంది, 50,000 కారుకు మూడేళ్ల మీద 500 ఖర్చు. నడపని మైళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వరు కాబట్టి అతిగా తీసుకోవడమూ దండగే. ఇంట్లో 240 వోల్టుల చార్జింగ్ పెట్టుకునే వీలులేని అపార్ట్‌మెంటు వారు ఈ లెక్కలో రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ల ఖర్చును కూడా కలపాలి. కరెంటు చవక అన్న మాట ఇంటి మీటరు ధరను బట్టి చెప్పేది, ఫాస్ట్ చార్జర్ ధర అంతకు రెండు మూడు రెట్లు ఉండటం మామూలే.

హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి గడువే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఉద్యోగం పోతే వేరే ఉద్యోగం చూసుకోవడానికి దేశంలో ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులు. లీజు మాత్రం 36 నెలలు. మధ్యలో వదిలేస్తే మిగిలిన వాయిదాల బాధ్యత మెడకు చుట్టుకుంటుంది. మామూలు కారైతే బయట అమ్మి లీజు తీర్చి బయటపడే అవకాశం ఉండవచ్చు, ఎలక్ట్రిక్ కారులో ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. నెలవారీ భారం తగ్గించిన ఆ ఎత్తైన రెసిడ్యువలే ఇక్కడ గుదిబండ అవుతుంది, ఎందుకంటే తీర్చవలసిన మొత్తం బజారు ధర కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. లీజును మరొకరి పేరుకు బదిలీ చేయడానికి కొన్ని సంస్థలు అనుమతిస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి, మరికొన్ని బదిలీ అయ్యాక కూడా మొదట సంతకం చేసినవారిని బాధ్యులుగానే ఉంచుతాయి. ఇది సంతకానికి ముందు అడిగి, ఒప్పందంలో ఏ పేరాలో ఉందో చూపించమనాల్సిన విషయం. వీసా పొడిగింపు దరఖాస్తు నడుస్తున్నవారు నెలకు 30 డాలర్లు ఎక్కువైనా 24 నెలల లీజు తీసుకోవడంలో తప్పు లేదు. దేశానికి కొత్తగా వచ్చి క్రెడిట్ చరిత్ర లేనివారికి ప్రకటనల్లోని రేటు అందదు. ఏడాది ఆగి స్కోరు పెరిగాక వెళ్లడం మేలు.

గడువు ముగిసినప్పుడు రెసిడ్యువల్ ధరకు కారు కొనుక్కునే హక్కు సాధారణంగా ఉంటుంది, అన్ని ఒప్పందాల్లోనూ ఉండదు. టెస్లా 2022 ఏప్రిల్ తర్వాత కొన్నేళ్లపాటు లీజు కార్లను అలా అమ్మలేదు. ఉన్నా, 20,000 పలికే కారును 28,000కు కొనే అవసరం ఉండదు, తాళాలు అప్పగించడమే. అప్పగించేటప్పుడు డిస్పొజిషన్ ఫీజు కింద కొన్ని వందల డాలర్లు పడతాయి, అదే కంపెనీ కారు మళ్లీ తీసుకుంటే మాఫీ చేయడం మామూలు. ఎలక్ట్రిక్ కార్లు బరువైనవి కనుక టైర్లు తొందరగా అరుగుతాయి. అరిగిన టైర్లకు కంపెనీ వేసే బిల్లు బయటి దుకాణంలో మార్పించుకునే ఖర్చు కంటే ఎక్కువ కావచ్చు. తనిఖీ మనిషిని నెల ముందే పిలిపిస్తే వేటికి డబ్బు వేస్తాడో తెలుస్తుంది, వాటిని మనమే బాగుచేయించుకునే వ్యవధి ఉంటుంది. ఆఖరి రోజున కారుకు నాలుగు వైపులా, సీట్లకు, మైళ్ల అంకె కనిపించేలా డాష్‌బోర్డుకు తేదీతో ఫొటోలు తీసుకుని, తాళాలు తీసుకున్నట్లు డీలరు చేత సంతకం చేయించుకోవాలి. తుది బిల్లు వారాల తర్వాత వస్తుంది, అప్పటికి కారు మన దగ్గర ఉండదు.